ఫంక్ ఆల్బమ్‌ని స్టూడియోలో లైవ్‌గా రికార్డ్ చేయాలా, ట్రాక్ ట్రాక్‌గా చేయాలా?

ముందు మీ ప్రశ్న మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. మీది డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఏడుగురు కలిసి నడుపుతున్న ఫంక్, సోల్ బ్యాండ్. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డ్, ట్రంపెట్, శాక్సాఫోన్, పాడే అమ్మాయి. ఒక శని, ఆదివారం స్టూడియో దొరికింది. ఎనిమిది పాటలు రికార్డ్ చేయాలి. అందరం ఒకే గదిలో కూర్చుని లైవ్‌గా వాయిద్దామని మీరంటున్నారు. బ్లీడ్ (ఒకరి శబ్దం ఇంకొకరి మైక్‌లో పడటం) వస్తుంది, తర్వాత ఏమీ సరిచేయలేం, విడివిడిగా చేద్దామని మీ డ్రమ్మర్ అంటున్నాడు. క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో టిక్ టిక్‌మనే మెట్రోనోమ్) పెట్టాలా, గాత్రం వేరుగా తీయాలా, కొంతమంది శ్రోతల్ని పిలవాలా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే లైవ్‌గానే చేయండి. ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనపడేలా, వీలైతే హెడ్‌ఫోన్లు లేకుండా. గాత్రం కూడా అందరితో పాటే. అయితే ఒక షరతు ఉంది. ఎనిమిది పాటల్లో ప్రతి ఒక్కటీ రిహార్సల్‌లో ఆగకుండా, వరుసగా మూడుసార్లు వాయించగలగాలి. ఏ పాటకైతే అది కుదరడం లేదో, ఆ పాటను ఈ ఆల్బమ్‌లోంచి తీసేయండి. ఎనిమిది కాస్తా ఆరు అయినా ఫర్వాలేదు.

నేను రికార్డింగ్ పని నేర్చుకున్నది చెన్నైలో. తర్వాత చాలా ఏళ్ళుగా టెక్సస్‌లోనే ఉంటూ ఫంక్ బ్యాండ్లను, చర్చి గాస్పెల్ బ్యాండ్లను రికార్డ్ చేస్తున్నాను. ఈ చర్చ ప్రతి బ్యాండ్‌లోనూ వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రాక్ పాటనో, సినిమా పాటనో విడివిడిగా రికార్డ్ చేసి బాగా తేవచ్చు. ఫంక్ దగ్గరికి వచ్చేసరికి అది కష్టం. ఫంక్‌లో ఎవరి వాయిద్యం దగ్గరా పూర్తి రాగం ఉండదు. గిటార్ రెండు ముక్కలు వాయించి ఆగుతుంది, ఆ ఖాళీలో బేస్ వస్తుంది, బేస్ వదిలిన చోట హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) తెరుచుకుంటుంది. బ్రాస్ వాళ్ళు, అంటే ట్రంపెట్, శాక్స్ ఇద్దరూ, ఎప్పుడు ఆపుతారో దాన్నిబట్టి స్నేర్ డ్రమ్ ఎంత గట్టిగా కొట్టాలో డ్రమ్మర్ తేల్చుకుంటాడు. ఇదంతా ఆ క్షణంలో, చెవితోనూ కంటితోనూ జరిగే బేరం. ఒక్కొక్కరినీ వేరే రోజు పిలిచి వాయిస్తే ఎవరి భాగం వాళ్ళది తప్పు లేకుండానే ఉంటుంది, బేరం మాత్రం జరగదు.

దీనికి అన్నిటికంటే మంచి పాఠం ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1967 మే నెలలో సిన్సినాటిలోని కింగ్ స్టూడియోలో రికార్డ్ చేసిన 'కోల్డ్ స్వెట్'. బ్యాండంతా ఒకేసారి వాయించింది. మధ్యలో ఆయన 'మేసియో' అని పేరు పెట్టి పిలవగానే మేసియో పార్కర్ శాక్స్ సోలో మొదలుపెడతాడు. ఇంకాస్త తర్వాత డ్రమ్మర్‌కి చోటు ఇమ్మని అరుస్తాడు. అప్పుడు బ్యాండ్ తప్పుకుంటుంది, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్స్ మాత్రమే మిగులుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ చోటును ఒకటికి నాలుగుసార్లు వినండి. మిగతావాళ్ళు తప్పుకున్న వెంటనే క్లైడ్ రెచ్చిపోడు. అదే ప్యాటర్న్, అదే బరువు. స్నేర్ మీద సన్నగా తగిలే చిన్న చిన్న దెబ్బలు, అంతవరకు బ్రాస్ కింద దాగి ఉన్నవి, ఇప్పుడు బయటికి వినిపిస్తాయి. ఆయన అప్పటిదాకా ఏం చేస్తున్నాడో అదే చేస్తున్నాడు, చుట్టూ ఉన్న గది ఖాళీ అయిందంతే. సూచన, జవాబు, చోటు ఇవ్వడం, అన్నీ టేపు తిరుగుతుండగానే జరిగాయి. మీ బ్యాండ్ లీడర్ కూడా టేక్ నడుస్తుండగానే చెయ్యెత్తి సోలో పొడిగించగలగాలి. ట్రాక్ ట్రాక్‌గా చేస్తే అది జరగదు.

ఇప్పుడు మీ డ్రమ్మర్ అసలు భయం బ్లీడ్ సంగతి. బ్లీడ్ అంటే గిటార్ మైక్‌లో డ్రమ్స్ వినపడటం, గాత్రం మైక్‌లో హై-హ్యాట్ వినపడటం. ఆయన భయం అబద్ధం కాదు. బ్లీడ్ ఉంటే తర్వాత స్నేర్ శబ్దాన్ని తీసేసి వేరే శాంపిల్ (ముందే రికార్డ్ చేసి ఉన్న దెబ్బ) పెట్టలేరు, ఎందుకంటే పాత స్నేర్ ఇంకో నాలుగు మైకుల్లో బతికే ఉంటుంది. గాత్రానికి పిచ్ కరెక్షన్ (శ్రుతిని తర్వాత సరిచేసే సాఫ్ట్‌వేర్) వేస్తే ఆ మైక్‌లో పడిన గిటార్ కూడా గొంతుతో పాటు వంకర్లు పోతుంది. అంటే పిచ్ కరెక్షన్ లేదు, పంచ్-ఇన్ (తప్పిన ముక్కను మాత్రమే మళ్ళీ రికార్డ్ చేయడం) లేదు అనుకునే గదిలోకి వెళ్ళాలి. ఇది అందరూ కూర్చుని ముందే ఒప్పుకోవాల్సిన మాట.

అయితే బ్లీడ్ వల్ల రికార్డింగ్ పాడవదు. చెడ్డ బ్లీడ్ వల్ల పాడవుతుంది. గాత్రం మైక్‌లో పడే డ్రమ్స్ శబ్దం బాగుంటే అది మీ డ్రమ్స్‌కి లోతునిస్తుంది. పాత సోల్ రికార్డుల్లో మనకు నచ్చే ఆ గది వాసన చాలావరకు అదే. మెంఫిస్‌లో సోల్ రికార్డులు తీసిన స్టాక్స్ కంపెనీ స్టూడియో ఒకప్పటి సినిమా హాలు. కుర్చీలు తీసేసినా నేల మాత్రం తెర వైపుకి వాలుగానే ఉండిపోయింది. అందరూ ఆ పెద్ద హాల్లో కలిసి వాయించేవాళ్ళు. తొలి ఏళ్ళలో అదంతా నేరుగా ఒకే ట్రాక్ మీదికి వెళ్ళేది. అంటే మిక్స్ అక్కడే, ఆ నిమిషంలోనే అయిపోయేది. అక్కడ బ్లీడ్‌ని ఎవరూ వదిలించుకోలేదు, దాన్ని ఎలా కూర్చోబెట్టాలో నేర్చుకున్నారు.

కూర్చోబెట్టడం ఎలాగో ఇప్పుడు చెబుతాను. ఈ మొత్తం జవాబులో మీకు పనికొచ్చే భాగం ఇదే.

దగ్గరగా కూర్చోండి. బ్లీడ్‌కి భయపడి చాలామంది గది నాలుగు మూలలకీ వెళ్ళిపోతారు. అది తప్పు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. డ్రమ్స్‌కి 6 మీటర్ల దూరంలో గిటారిస్ట్ నిలబడితే స్నేర్ ఆయన చెవికి దాదాపు 17, 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆయన దానికి తగ్గట్టు వాయిస్తే ఆ శబ్దం డ్రమ్మర్‌కి చేరేసరికి ఇంకో 18 పోతాయి. నిమిషానికి 100 బీట్ల వేగంలో పదహారో వంతు స్వరం (ఒక బీట్‌లో నాలుగో వంతు) నిడివి 150 మిల్లీసెకన్లు. అందులో 35 మిల్లీసెకన్ల సందిగ్ధం అంటే ఫంక్‌లో గ్రూవ్ (అందరూ కలిసి పట్టే లయ ఊపు) జారిపోయినట్టే. అందరూ 3 మీటర్ల లోపు వలయంలో ఉంటే ఈ సమస్య సగానికి తగ్గుతుంది. పైగా దగ్గరగా ఉంటే అందరూ తక్కువ ధ్వనితో వాయిస్తారు.

డ్రమ్స్ ధ్వని తగ్గించండి, గట్టిగా కాకుండా బరువుగా వాయించమనండి. ఈ గదిలో అసలు మిక్సింగ్ ఇంజనీర్ డ్రమ్మరే. స్నేర్ మీద పలుచటి గుడ్డ, సన్నటి స్టిక్స్, పెద్ద క్రాష్ సింబల్ వీలైతే తీసేయడం. డ్రమ్ముల బ్లీడ్ చెవికి ఇంపుగానే ఉంటుంది, సింబల్స్ బ్లీడే మిక్స్‌ని చంపేస్తుంది. ముఖ్యంగా సగం తెరిచిన హై-హ్యాట్ గాత్రం మైక్‌లో పడితే ఆ మైక్ పనికిరాకుండా పోతుంది. డ్రమ్స్‌కి నాలుగు మైకులు చాలు. కిక్‌కి (కాలితో కొట్టే డ్రమ్) ఒకటి, స్నేర్‌కి ఒకటి, డ్రమ్మర్ తల మీద ఒకటి, ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) పక్కన ఒకటి. తల మీది మైక్‌ని, ఫ్లోర్ టామ్ మైక్‌ని స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో తాడుతో కొలిచి పెట్టండి. లేకపోతే స్నేర్ పలుచబడిపోతుంది.

మైక్ చెవిటి వైపును వాడుకోండి. మామూలు కార్డియాయిడ్ మైక్‌కి వెనక వైపు చాలా తక్కువ వినపడుతుంది. కాబట్టి పాడే అమ్మాయిని డ్రమ్మర్‌కి ఎదురుగా నిలబెట్టండి. అప్పుడు మైక్ వెనక భాగం డ్రమ్స్ వైపు ఉంటుంది. స్టూడియోల్లో పెట్టే ఖరీదైన కండెన్సర్ మైక్ వద్దు. స్టేజి మీద వాడే డైనమిక్ మైక్ పెదవులకి రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. ఒక్క జాగ్రత్త. డ్రమ్స్ శబ్దం ఆమె వెనక ఉన్న గోడకి తగిలి మైక్ ముందు వైపు నుంచే లోపలికి వస్తుంది. ఆ గోడకి మందపాటి రజాయిలు రెండు వేలాడదీయండి. చాలామంది మైక్ చుట్టూ అడ్డాలు పెడతారు గానీ అసలు చోటు గాయని వీపు వెనకాల.

ట్రంపెట్, శాక్స్ ఇద్దరికీ ఒక్కటే రిబ్బన్ మైక్ చాలని నా అభిప్రాయం. రిబ్బన్ మైక్ ముందు, వెనక రెండు వైపులా వింటుంది, పక్కలకి దాదాపు వినదు. కాబట్టి ఇద్దరినీ మైక్‌కి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబెట్టి, మైక్ పక్క భాగం డ్రమ్స్ వైపు తిప్పండి. శాక్స్ అరమీటరు దూరంలో ఉంటే ట్రంపెట్ మీటరు దూరంలో ఉండాలి, అదీ నేరుగా మైక్‌లోకి కాకుండా కాస్త కిందికి వంచి. ఆ తర్వాత నాబ్‌లు ముట్టుకోకండి. నేను ఈ పని చేసేటప్పుడు నేల మీద రంగు టేపు ముక్కలు అతికిస్తాను. ఒకటి మామూలుగా నిలబడే చోటు, ఒకటి సోలోకి ముందుకి వచ్చే చోటు, ఒకటి గాయని పాడుతుండగా వెనక్కి తగ్గే చోటు. దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే ఒక అడుగు ముందుకి వేస్తే ఫేడర్ పైకి తోసినంత పని. రెండు మూడు టేకుల తర్వాత వాళ్ళ కాళ్ళు వాటంతట అవే ఆ టేపుల మీదికి వెళతాయి. అప్పుడు వినపడే బ్రాస్‌కి ప్రాణం వస్తుంది. పల్లవి చివర ఇద్దరూ కలిసి ఒక్క అడుగు వెనక్కి వేసినప్పుడు ఆ మోత గదిలోకి కరిగిపోవడం ఏ ప్లగిన్‌తోనూ రాదు.

బేస్‌కి మైక్ పెట్టకుండా కేబుల్‌తో నేరుగా లైన్ తీసుకోండి, మిగతావాళ్ళకి వినపడటానికి ఒక చిన్న ఆంప్ (యాంప్లిఫయర్) ఉంచండి. గిటార్ ఆంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీద, గిటారిస్ట్ చెవి వైపు ఎత్తి పెట్టండి. తనకి వినపడితే తనే వాల్యూమ్ తగ్గిస్తాడు. కీబోర్డ్‌కీ అంతే, లైన్ ఒకటి, చిన్న ఆంప్ ఒకటి. గాయని గొంతు బ్యాండ్‌కి వినపడాలంటే ఒక చిన్న స్పీకర్‌ని, ఆమె మైక్ వెనక వైపుకి వచ్చేలా, తక్కువ ధ్వనితో పెట్టండి. ఇలా అందరికీ అన్నీ గాలిలోనే వినపడితే హెడ్‌ఫోన్ల అవసరమే ఉండదు.

హెడ్‌ఫోన్ల గురించి నా దగ్గర ఒక కేసు ఉంది. తొమ్మిది మంది ఉన్న ఒక సోల్ బ్యాండ్, అందరూ బాగా వాయించేవాళ్ళే. ప్రతి ఒక్కరికీ వేరే గది, వేరే హెడ్‌ఫోన్ మిక్స్ కావాలన్నారు. ఉదయమంతా "నాకు బేస్ కొంచెం పెంచండి, నాకు స్నేర్ తగ్గించండి" అనడంతోనే సరిపోయింది. వాయించింది మాత్రం ఎవరి లోకంలో వాళ్ళు వాయించినట్టుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరినీ పెద్ద గదిలోకి తెచ్చి, హెడ్‌ఫోన్లు తీయించి, ఒక్క పాట సరదాగా వాయించమన్నాను. పాడే ఆవిడ మాటలు వినపడటం లేదని ఎవరూ చెప్పకుండానే డ్రమ్మర్ చేయి తగ్గించాడు. ఆ చేయి తగ్గడంతోనే గిటార్ తగ్గింది, కీబోర్డ్ తగ్గింది. ఆ రోజు సాయంత్రం తీసిన టేకులే చివరికి ఆల్బమ్‌లోకి వెళ్ళాయి.

క్లిక్ వద్దు. పాటకి సరైన వేగం ఏమిటో ముందే రాసి పెట్టుకుని, టేక్‌కి ముందు నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) క్లిక్ వినిపించి ఆపేయండి. పాట నడుస్తుండగా వేగం ఒకటి రెండు బీట్లు పెరగడం తప్పేం కాదు. చివరి కోరస్ కొంచెం తోసుకుంటూ వెళ్ళడం సోల్ సంగీతంలో సహజం. చూడాల్సింది ఒక్కటే, రెండు టేకుల మధ్య మొదలుపెట్టిన వేగం ఒకేలా ఉందా అని. ఉంటే మొదటి టేక్‌లోని చరణాన్ని, మూడో టేక్‌లోని కోరస్‌ని మొత్తం బ్యాండ్‌తో సహా కోసి అతికించవచ్చు. ఒక్కరి ట్రాక్ మార్చలేరు, అందరినీ కలిపి మార్చగలరు. మీ డ్రమ్మర్‌కి ఈ మాట చెప్పండి, ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. టేపు వేగం విషయంలో పెద్దవాళ్ళు కూడా పట్టువిడుపులతోనే ఉన్నారు. జేమ్స్ బ్రౌన్ 1965 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో రికార్డ్ చేసిన 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్' టేపుని కొంచెం వేగం పెంచి విడుదల చేశారు. అసలు వేగంలో ఉన్నది 1991లో ఆయన పాటల సంకలనం 'స్టార్ టైమ్' సెట్‌లో బయటికి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. బ్యాండ్ వాయించింది ఒకటే, వేగం చిటికెడు మారితే ఊపు ఎంత మారుతుందో తెలుస్తుంది.

గాత్రం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అందరితో పాటే పాడించండి. గొంతు లేకుండా వాయిస్తే బ్యాండ్ ఖాళీలు నింపేస్తుంది, తర్వాత గాయనికి చోటు మిగలదు. మన తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. మద్రాసులో సినిమా పాటలు రికార్డ్ చేసిన రోజుల్లో గాయకులూ ఆర్కెస్ట్రా ఒకేసారి పాడి వాయించేవాళ్ళు. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పినా మొత్తం పాట మళ్ళీ మొదటినుంచి. ఆ పాటల్లో గొంతుకి ఫ్లూట్ జవాబు చెప్పినట్టు వినపడేది నిజంగా జవాబే.

శ్రోతల్ని పిలవాలా? పిలవండి, కానీ రెండో రోజు మాత్రమే, తక్కువ మందిని. ఈ విషయంలో చరిత్ర భలే ఆసక్తిగా ఉంటుంది. జాజ్ శాక్సాఫోన్ వాద్యకారుడు కేనన్‌బాల్ ఆడర్లీ బృందం 1966 అక్టోబర్‌లో తీసిన 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' ఆల్బమ్ అట్ట మీద క్లబ్‌లో లైవ్ అని ఉంటుంది. నిజానికి దాన్ని హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోలో రికార్డ్ చేశారు. నిర్మాత డేవిడ్ ఆక్సెల్‌రాడ్ శ్రోతల్ని స్టూడియోకే ఆహ్వానించి, తాగడానికి బార్ తెరిచి పెట్టాడు. అందుకే ఆ కేకలు, చప్పట్లు నిజమైనవి, శబ్దం మాత్రం స్టూడియోది. జో జావినుల్ ఎలక్ట్రిక్ పియానో మీద మెల్లగా ఎక్కుతుంటే జనం స్పందించడం, ఆ స్పందనకి బ్యాండ్ ఇంకొంచెం లాగడం స్పష్టంగా వినపడుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం 1970లో వచ్చిన జేమ్స్ బ్రౌన్ 'సెక్స్ మెషీన్' డబుల్ ఆల్బమ్. అది మొత్తం లైవ్ అన్నట్టే అమ్మారు గానీ, మొదటి ఎల్పీలో ఉన్నవి స్టూడియో రికార్డింగులు. వాటి మీద ప్రతిధ్వని, జనం గోల తర్వాత కలిపారు. వాయింపు అద్భుతం, బూట్సీ కాలిన్స్ బేస్ వింటే ఒళ్ళు ఊగుతుంది. కానీ ఆ చప్పట్లు బ్యాండ్‌కి సంబంధం లేకుండా ఒకే తీరుగా పోతుంటాయి. ఒకసారి పట్టేస్తే ఇక చెవికి గుచ్చుకుంటూనే ఉంటుంది. మీరు మాత్రం చప్పట్లు తర్వాత కలిపే ఆలోచన పెట్టుకోకండి.

ఈ కాలంలో ఈ పద్ధతికి కొత్త రూపు ఇచ్చింది మీ పక్క ఊరివాళ్ళే. స్నార్కీ పప్పీ బ్యాండ్ పుట్టింది డెంటన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ విద్యార్థుల మధ్య. బేస్ వాయించే మైఖేల్ లీగ్ దాని నాయకుడు. వాళ్ళది జాజ్ వైపు ఎక్కువ మొగ్గే ఫంక్. 2014లో వచ్చిన 'వి లైక్ ఇట్ హియర్' ఆల్బమ్‌ని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఒక స్టూడియోలో తీశారు. శ్రోతలు వాయిద్యాల మధ్యలోనే కూర్చున్నారు, అందరి తలకీ హెడ్‌ఫోన్లు. అంటే వాళ్ళు వింటున్నది మిక్స్ అయిన శబ్దం, చూస్తున్నది చేతికందే దూరంలో ఉన్న బ్యాండ్. జనం గోల మైకుల్లో పెద్దగా పడదు, వాళ్ళ ఉనికి మాత్రం వాయించేవాళ్ళకి అందుతుంది. నేను మీకిచ్చిన హెడ్‌ఫోన్లు వద్దన్న సలహాకి ఇది విరుద్ధం. అంత పెద్ద బ్యాండ్‌కి, అన్ని కీబోర్డులకి అది లేకుండా కుదరదు. ఏడుగురికి అక్కర్లేదు.

వాళ్ళదే 2013 ఆల్బమ్ 'ఫ్యామిలీ డిన్నర్' మొదటి భాగంలో లేలా హాథవే పాడిన 'సమ్‌థింగ్' వీడియో మీ బ్యాండంతా కలిసి చూడండి. దానికి గ్రామీ కూడా వచ్చింది. పాట చివర్లో ఆమె ఒకే గొంతుతో ఒకేసారి ఒకటికి మించి స్వరాలు పలికిస్తుంది. ఆ క్షణంలో వాయిస్తున్నవాళ్ళ ముఖాలు చూడండి. నమ్మలేక నవ్వేస్తారు, అయినా చేతులు ఆగవు. ఆ ఆశ్చర్యం తర్వాతి బార్లలో వాయింపులోకి వచ్చేస్తుంది. గాత్రాన్ని వేరే రోజు తీసి ఉంటే ఆమె పాడిందైతే ఉండేది, ఆ బార్లు ఉండేవి కావు. ఆ తర్వాత 2022లో 'ఎంపైర్ సెంట్రల్' కోసం వాళ్ళు డాలస్‌కే తిరిగి వచ్చి డీప్ ఎల్లమ్ అనే పేటలో జనం ముందు రికార్డ్ చేశారు. డాలస్ ఫంక్‌కి గురువు లాంటి కీబోర్డిస్ట్ బెర్నార్డ్ రైట్ అందులో వాయించారు. ఆ ఏడాది మే నెలలోనే ఆయన చనిపోయారు. మీరు ఆ ప్రాంతంలోనే ఉంటూ ఫంక్ వాయిస్తున్నారు కాబట్టి ఆ ఆల్బమ్ తప్పకుండా వినాలి.

అంత హంగు లేకుండా అదే నమ్మకంతో పనిచేసినవాళ్ళు బ్రూక్లిన్‌లోని డాప్టోన్ కంపెనీ వాళ్ళు. బుష్‌విక్‌లో ఒక పాత ఇంటినే స్టూడియోగా మార్చుకుని, ఎనిమిది ట్రాకుల టేప్ మెషీన్ మీద షారన్ జోన్స్ అండ్ ద డాప్-కింగ్స్ ఆల్బమ్‌లు తీశారు. ఎనిమిదే ట్రాకులు అంటే ప్రతి నిర్ణయం ముందే తీసుకోవాలి, డ్రమ్స్‌కి పది మైకులు పెట్టి తర్వాత చూద్దాంలే అనడానికి వీలుండదు. మీ దగ్గర కంప్యూటర్‌లో వంద ట్రాకులున్నా సరే, పన్నెండు మైకులకి మించి వాడకండి.

రెండు రోజుల ప్లాన్ సంగతి. శనివారం ఉదయమంతా గది సర్దడానికే పోనివ్వండి. తొందరపడి పదింటికే టేక్ మొదలుపెడితే సాయంత్రానికి అంతా మళ్ళీ మార్చాల్సి వస్తుంది. మధ్యాహ్నం అందరికీ బాగా వచ్చిన తేలిక పాటతో మొదలుపెట్టండి. రిహార్సల్ అని చెప్పి వాయించేదాన్ని కూడా రికార్డ్ చేయండి, ఎర్ర లైట్ వెలగనప్పుడు చాలామంది బాగా వాయిస్తారు. ఒక పాటకి నాలుగు టేకులు. కుదరలేదా, వదిలేసి ఇంకో పాటకి వెళ్ళి, రాత్రికో మర్నాటికో తిరిగి రండి. ప్రతి టేక్ తర్వాత కంట్రోల్ రూంలోకి వచ్చి వినడం మొదలుపెడితే వాయించే వేడి చల్లారిపోతుంది. రెండు పాటలకోసారి వినండి. గొంతుకి బరువైన పాటలు ఆదివారం చివరికి పెట్టకండి.

రెండు రోజులు చాలవేమోనన్న భయం వద్దు. సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 'ఓటిస్ బ్లూ' ఆల్బమ్‌లో దాదాపు అంతా 1965 జులైలో స్టాక్స్‌లో ఇరవైనాలుగు గంటల్లో అయిపోయింది. మధ్యలో రాత్రి బ్యాండ్ వాళ్ళు క్లబ్బుల్లో వాయించుకుని రావడానికి విరామం కూడా ఇచ్చారు. వాళ్ళు రోజూ కలిసి వాయించేవాళ్ళు కాబట్టి అది సాధ్యమైంది. మీకు ఆ రోజువారీ సాధన లేదు కనుక రిహార్సల్ ఎక్కువ కావాలి. స్టూడియోలో ఎలా కూర్చుంటారో సరిగ్గా అలాగే రిహార్సల్‌లోనూ కూర్చోండి, మధ్యలో ఒక ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి. ఫోన్‌లో గాయని మాటలు అర్థం కావడం లేదంటే స్టూడియోలోనూ అర్థం కావు. మైకుల్ని కాదు, వాయించే తీరునే మార్చాలి.

మిక్సింగ్‌లో ఎక్కువ పని ఉండదు, ఉండకూడదు. మొదట గాత్రం మైక్, డ్రమ్స్ తల మీది మైక్ రెండే తెరిచి వినండి. పాటలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. మిగతావి ఒక్కొక్కటిగా కలుపుతూ పొండి. ఏదైనా మైక్ తెరవగానే మొత్తం శబ్దం పలుచబడితే దాని ఫేజ్ తిప్పి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే బటన్ నొక్కి) చూడండి. గేట్లు (శబ్దం తగ్గగానే మైక్‌ని మూసేసేవి) వేయకండి. గేటు తెరుచుకున్న ప్రతిసారీ బ్లీడ్ కూడా లోపలికీ బయటికీ పోయి గది మొత్తం ఊపిరి పీల్చినట్టు వినపడుతుంది.

ఇక లైవ్ వద్దని నేనే చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. పాట నిర్మాణం ఇంకా తేలనప్పుడు వద్దు. గది పైకప్పు బాగా తక్కువగా ఉండి, డ్రమ్స్ కొడితే తల మీద డబ్బాలు మోగినట్టుంటే వద్దు. గాయనికి ఆ వారం గొంతు బాగాలేకపోతే రిథమ్ సెక్షన్ వరకే లైవ్‌గా తీసుకోండి, ఆమె గైడ్‌గా పక్క గదిలోంచి మెల్లగా పాడుతుంది, అసలు గాత్రం తర్వాత. ఇద్దరు బ్రాస్ వాళ్ళకి పాట ఇంకా నోటికి రాకపోతే వాళ్ళని కూడా తర్వాతి రోజుకి ఉంచవచ్చు. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డ్ నలుగురినీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయకండి.

మీ డ్రమ్మర్‌తో వాదించి గెలవాలని చూడొద్దు. ఆయన ఒప్పుకోకుండా కూర్చుంటే ఆ రెండు రోజులూ ప్రతి దెబ్బలో అది వినపడుతుంది. ఒక పాటని రెండు పద్ధతుల్లోనూ రిహార్సల్ రూంలో రికార్డ్ చేసి వినిపించండి. ఆయన చెవే తేలుస్తుంది.

గది పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు, తలుపు ఎటువైపు ఉంది, స్టూడియోలో ఏ మైకులు ఉన్నాయి, ఈ వివరాలు ఇక్కడే రాయండి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో గీసి పెడతాను.